జన్యువు చుట్టుకున్న కండెను కనుగొన్న ఆల్బ్రెక్ట్ కోసెల్

మానవ దేహంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యు సంపద ఉంటుంది. అయినా ఎముక మూలుగలో ఎదుగుతున్న ఎర్ర రక్తకణం హిమోగ్లోబిన్ తయారీకి పూనుకుంటుంది. మెదడులోని నాడీకణం అదే జన్యువును తనలో ఉంచుకొని కూడా దాని జోలికి పోదు. ఏ కణం ఏ జన్యువును చదవాలి, దేనిని మూసి ఉంచాలి అన్న విషయంలో డీఎన్‌ఏ ఎలా చుట్టి ఉన్నదన్నది ఎంతో ముఖ్యం. డీఎన్‌ఏ దారం హిస్టోన్లు అనే ప్రోటీన్ల కండెలపై చుట్టుకొని ఉంటుంది. దారమూ కండెలూ కలిసిన ఆ పదార్థమే క్రోమాటిన్. జన్యువును చదివే వేళ ఆ చుట్టు సడలుతుంది. చదవడం ముగిశాక తిరిగి బిగుస్తుంది.

ఈ అవగాహన ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో రూపుదిద్దుకున్నది. కానీ ఈ కథలోని పాత్రలను, అంటే దారంలోని అక్షరాలను, కండెను, కండెకు దారాన్ని పట్టి ఉంచే అమైనో ఆమ్లాలను, అంతకు ఎన్నో దశాబ్దాల ముందే ఒక జర్మన్ శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో వేరుచేసి పరిశీలించాడు. అవన్నీ కలిసి ఏం చేస్తాయో తెలియకుండానే ఆయన 1927లో కన్నుమూశారు. ఆయన పేరు ఆల్బ్రెక్ట్ కోసెల్.

వృక్షశాస్త్రం నుంచి వైద్యానికి

కోసెల్ 1853 సెప్టెంబరు 16న బాల్టిక్ సముద్ర తీరంలోని రోస్టాక్ నగరంలో జన్మించారు. తండ్రి వర్తకుడు, ప్రష్యా రాజ్యానికి ఆ నగరంలో కాన్సల్‌గానూ వ్యవహరించారు. పాఠశాల రోజుల్లోనే కోసెల్‌కు మొక్కలపైనా, రసాయనశాస్త్రంపైనా ఆసక్తి కలిగింది. అయితే ఉన్నత విద్యకు ఎంచుకున్నది మాత్రం వైద్యం. 1872లో ఆయన స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఫ్రాన్సుతో యుద్ధం ముగిసిన తరువాత జర్మన్ ప్రభుత్వం అప్పుడే కొత్తగా తీర్చిదిద్దిన విద్యాసంస్థ అది. అక్కడ ఆయనకు లభించిన గురువు ఫెలిక్స్ హొప్పె-జైలర్. జీవుల దేహంలో జరిగే రసాయనిక చర్యల అధ్యయనాన్ని వైద్యానికి అనుబంధంగా కాక, స్వతంత్ర శాస్త్రంగా నిలబెట్టడానికి పాటుపడిన తొలి తరం ఆచార్యుల్లో హొప్పె-జైలర్ ప్రముఖుడు.

రోస్టాక్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1877లో వైద్యుడిగా అర్హత పొందిన కోసెల్, రోగుల వద్దకు కాక తిరిగి గురువు ప్రయోగశాలకే వెళ్ళారు. ఆ సమయంలో ఆ ప్రయోగశాలను ఒక పదార్థం వేధిస్తున్నది. హొప్పె-జైలర్ వద్ద పనిచేసిన స్విట్జర్లాండ్ యువకుడు ఫ్రెడరిక్ మీషర్ 1869లో, ఆసుపత్రి నుంచి తెచ్చిన గాయపు కట్లలోని చీము కణాల కేంద్రకాల నుంచి దానిని రాబట్టాడు. అందులో భాస్వరం పుష్కలంగా ఉంది. అది అప్పటికి తెలిసిన ప్రోటీన్ల తీరులో లేదు. న్యూక్లియస్ నుంచి లభించింది కనుక మీషర్ దానికి న్యూక్లిన్ అని పేరు పెట్టాడు. అది అసలు కొత్త పదార్థమేనా, లేక ప్రోటీన్లకు భాస్వరం అంటిన కల్తీయా అన్న సందేహం చాలామందిని వదలలేదు.

ఆ సందేహాన్ని తీర్చడమే కోసెల్ జీవితకాలపు పనికి నాంది అయింది. పదార్థాన్ని ఆమ్లంతో విచ్ఛిన్నం చేయడం, విడివడిన ముక్కలను ఒక్కొక్కటిగా శుద్ధిచేయడం, స్ఫటికాలుగా మార్చి తూచడం, వాటి సంఘటనను నిర్ణయించడం. ఇదే ఆయన పద్ధతి. ఇందులో ఆర్భాటం లేదు. అంతులేని ఓపిక మాత్రం కావాలి. న్యూక్లిన్ నిజంగానే ప్రత్యేక పదార్థమని, ప్రోటీన్ కాని భాగం ఒకటి అందులో ఉందని ఆయన క్రమంగా నిరూపించారు.

పెద్దబాతు నెత్తురులో దొరికిన కండె

1883లో కోసెల్ బెర్లిన్ విశ్వవిద్యాలయపు శరీరధర్మశాస్త్ర సంస్థలో రసాయన విభాగానికి అధిపతిగా చేరారు. ఆ మరుసటి సంవత్సరమే ఆయన చేసిన ఒక పరిశోధన నేటి క్రోమాటిన్ శాస్త్రానికి పునాదిరాయి అయింది.

మనిషి ఎర్ర రక్తకణాలు పరిపక్వమయ్యేసరికి వాటిలో కేంద్రకం ఉండదు. పక్షుల ఎర్ర రక్తకణాలలో మాత్రం కేంద్రకం చివరిదాకా నిలిచి ఉంటుంది. రక్తం సులువుగా లభిస్తుంది, అందులోని కణాలన్నీ దాదాపు ఒకే రకం. కేంద్రకాన్ని శోధించదలచిన రసాయన శాస్త్రజ్ఞుడికి అంతకన్నా అనువైన ముడిసరుకు లేదు. కోసెల్ పెద్దబాతు రక్తం నుంచి కణ కేంద్రకాలను వేరుచేసి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపారు. క్షార స్వభావం కలిగిన ఒక ప్రోటీన్ ఆమ్లంలోకి దిగివచ్చింది. 1884లో దానిని ప్రకటిస్తూ ఆయన హిస్టోన్ అని పేరు పెట్టారు. న్యూక్లిన్‌లోని ఆమ్ల భాగమూ, క్షార స్వభావం గల ఈ ప్రోటీనూ ఒకదానినొకటి ఆకర్షించి, లవణంలో మాదిరిగా కలిసి ఉంటాయని ఆయన గ్రహించారు.

ఇదే కాలంలో కీల్ నగరంలో వాల్టర్ ఫ్లెమింగ్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శిని కింద కణ విభజనను పరిశీలిస్తూ, కేంద్రకంలో రంగును బాగా పీల్చుకునే పదార్థానికి క్రోమాటిన్ అని నామకరణం చేశాడు. ఒకరు కంటితో చూసినదీ, మరొకరు పరీక్షనాళికలో పట్టినదీ ఒకే పదార్థమన్న సంగతి స్థిరపడటానికి చాలాకాలం పట్టింది.

అక్షరాలు ఒక్కొక్కటిగా

హిస్టోన్‌ను ప్రకటించిన మరుసటి ఏడాది, 1885లో, ఎద్దు క్లోమం నుంచి కోసెల్ మరో పదార్థాన్ని శుద్ధిచేశారు. గ్రంథికి గ్రీకు భాషలో ఉన్న పేరును అనుసరించి దానిని ఎడినీన్ అన్నారు. పక్షి రెట్టల ఎరువులో అంతకుముందే లభించిన గ్వానీన్ కూడా న్యూక్లిన్‌లో అంతర్భాగమేనని ఆయన తేల్చారు. ఆ తరువాత ఆల్బర్ట్ నాయ్‌మాన్‌తో కలిసి దూడ థైమస్ గ్రంథి నుంచి 1893లో థైమీన్‌ను, 1894లో సైటోసీన్‌ను వేరుచేశారు. ఆర్‌ఎన్‌ఏలో థైమీన్‌కు బదులుగా ఉండే యురాసిల్‌ను 1900లో కోసెల్ ప్రయోగశాలలోనే అల్బెర్టో అస్కోలీ గుర్తించాడు. నేడు పాఠశాల విద్యార్థి సైతం ఏ, టీ, జీ, సీ అంటూ వల్లించే జన్యు లిపి అక్షరాలు ఇలా ఒక్కొక్కటిగా వెలుగు చూశాయి. ఈ కృషి మధ్యలోనే, 1888లో, తేయాకు నుంచి థియోఫిలిన్‌ను కూడా ఆయన రాబట్టారు. తరువాతి కాలంలో అది ఉబ్బస రోగులకు ఔషధమైంది.

న్యూక్లిన్ దేహంలో ఏం పని చేస్తుందన్న ప్రశ్నను కూడా కోసెల్ వదిలిపెట్టలేదు. అది ఆహారపు నిల్వా, కండరాలకు శక్తినిచ్చే ఇంధనమా అని పరీక్షించి, రెండూ కాదని నిర్ణయించారు. వేగంగా పెరిగే పిండ కణజాలంలో అది సమృద్ధిగా ఉండటాన్ని గమనించి, కొత్త కణజాలం ఏర్పడటంతో దానికి సంబంధం ఉండాలని భావించారు. ఆనాటికి అందుబాటులో ఉన్న ఆధారాలతో అంతకన్నా ముందుకు వెళ్ళడం కష్టం. వారసత్వ లక్షణాలను మోసేది అదేనన్న నిర్ధారణకు ప్రపంచం ఇంకా అర్ధ శతాబ్దం వేచి ఉండవలసి వచ్చింది.

1886లో ఆయన వివాహం చేసుకున్నారు. మామగారు అడాల్ఫ్ హోల్ట్స్‌మాన్ హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జర్మన్ సాహిత్యంతోపాటు సంస్కృతాన్ని బోధించిన పండితుడు. భారతీయ ఇతిహాస గాథలను జర్మన్ పాఠకులకు పరిచయం చేసినవారు. అల్లుడిని చూడకముందే 1870లో ఆయన మరణించారు. కోసెల్ దంపతుల కుమారుడు వాల్టర్ కోసెల్ భౌతికశాస్త్రంలో ఖ్యాతి గడించాడు. మన దేశంలో ఇంటర్మీడియట్ విద్యార్థులు రసాయన బంధం పాఠంలో చదివే కోసెల్-లూయీ సిద్ధాంతంలోని కోసెల్ ఆ కుమారుడే. తండ్రి పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లో అంతగా వినిపించదు.

లైసీన్, ఆర్జినీన్, హిస్టిడీన్

1895లో మార్బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరించిన కోసెల్, ఆ తరువాత దృష్టిని కేంద్రకంలోని ప్రోటీన్ల వైపు మళ్ళించారు. స్టర్జన్, సాల్మన్, హెర్రింగ్ వంటి చేపల వీర్యకణాలలో హిస్టోన్లకు బదులు ప్రోటమీన్లు అనే మరింత చిన్న, మరింత క్షార స్వభావం గల ప్రోటీన్లు ఉంటాయి. వీటిని విచ్ఛిన్నం చేస్తుండగా 1896లో ఆయనకు ఒక కొత్త అమైనో ఆమ్లం లభించింది. అదే హిస్టిడీన్. అప్పటికే తెలిసిన లైసీన్, ఆర్జినీన్‌లతో కలిపి క్షార అమైనో ఆమ్లాలు మూడయ్యాయి. ఫ్రెడ్రిక్ కుచర్‌తో కలిసి ఈ మూడింటినీ వేరుచేసి, ఒక ప్రోటీన్‌లో ఏది ఎంత ఉందో తూచి చెప్పగల పద్ధతిని ఆయన రూపొందించారు. హిస్టోన్లలోనూ ప్రోటమీన్లలోనూ ఈ అమైనో ఆమ్లాలు అసాధారణంగా అధికంగా ఉన్నాయని తేలింది.

ఆ రోజుల్లో ఇది నిపుణులకు మాత్రమే పనికివచ్చే సంఖ్యల పట్టిక. జన్యువును మూసి తెరిచే కీలకం ఆ పట్టికలోనే ఉందని ఎవరూ ఊహించలేదు.

1901లో ఆయన హైడెల్‌బర్గ్ చేరి, జీవితాంతం అక్కడే గడిపారు. ప్రోటీన్లు, న్యూక్లిక్ పదార్థాలపై చేసిన కృషి ద్వారా కణ రసాయన జ్ఞానాన్ని పెంపొందించినందుకు 1910లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనను వరించింది. గురువు స్థాపించిన శరీరధర్మ రసాయనశాస్త్ర పత్రికకు 1895 నుంచి కడదాకా సంపాదకత్వ బాధ్యత వహించారు. రాజకీయాలకు దూరంగా మెలిగిన మనిషి. అయినా 1914లో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు, జర్మనీని సమర్థిస్తూ మేధావుల పేరిట వెలువడిన ప్రచార ప్రకటనపై సంతకం చేయడానికి నిరాకరించారు. జర్మన్ విజ్ఞానరంగంలో ఎందరో ప్రముఖులు సంతకం చేసిన ప్రకటన అది. 1924లో ఆచార్య పదవి నుంచి విరమించిన తరువాత కూడా ప్రోటీన్ల పరిశోధన మానలేదు. 1927 జూలై 5న హైడెల్‌బర్గ్‌లో తుదిశ్వాస విడిచారు.

మరుగునపడిన దశాబ్దాలు

కోసెల్ మరణానికి ముందూ వెనుకా కొన్ని దశాబ్దాలపాటు న్యూక్లిక్ ఆమ్లాలపై ఆసక్తి సన్నగిల్లింది. నాలుగు అక్షరాలే ఉన్న పదార్థం జీవ వైవిధ్యాన్ని మోయలేదని, ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో కూడిన ప్రోటీన్లకే ఆ శక్తి ఉందని చాలామంది నమ్మారు. 1944లో ఓస్వాల్డ్ ఏవరీ బృందం, 1953లో వాట్సన్, క్రిక్‌లు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశారు. అప్పుడు హిస్టోన్ల పరిస్థితి తారుమారైంది. నిన్నటిదాకా వారసత్వానికి అభ్యర్థులుగా నిలిచిన ప్రోటీన్లు కేవలం డీఎన్‌ఏను మోసే బరువులుగా మిగిలాయి.

అయితే ఒక లెక్క తేలలేదు. మానవ కణంలోని డీఎన్‌ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్ల పొడవు ఉంటుంది. అది కొద్ది మైక్రాన్ల వ్యాసం గల కేంద్రకంలో ఇమడాలంటే గట్టిగా చుట్టాలి. గట్టిగా చుడితే చదవడం ఎలా? తాళపత్ర గ్రంథాన్ని తాడుతో బిగించి కడితే ఆకులు చెదరవు; కానీ కట్టు విప్పనిదే ఒక్క పంక్తి కూడా చదవలేము. 1950లో ఎడ్గర్ స్టెడ్‌మన్, ఎలెన్ స్టెడ్‌మన్ దంపతులు హిస్టోన్లు జన్యువులను అణచి ఉంచుతాయని ప్రతిపాదించారు. మరి ఆ అణచివేతను సడలించేది ఏది?

1964లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ ఆల్‌ఫ్రీ, ఆల్ఫ్రెడ్ మిర్‌స్కీ తదితరులు సమాధానపు తొలి ఛాయను చూపారు. హిస్టోన్లకు ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు అతుక్కున్నప్పుడు, డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీకి అవి కలిగించే ఆటంకం తగ్గుతుందని వారు గమనించారు. ఆ గుంపు అతుక్కునే చోటు లైసీన్. డీఎన్‌ఏ రుణావేశం కలిగినది. లైసీన్ ధనావేశం కలిగినది. ఎసిటైల్ చేరగానే లైసీన్ తన ధనావేశాన్ని కోల్పోతుంది, దారంపై పట్టు సడలుతుంది. కోసెల్ గుర్తించిన ఆమ్ల-క్షార ఆకర్షణే ఇక్కడ తాడు. దానిని కణం తనంతట తానే ముడివేయగలదు, విప్పగలదు.

1974లో రోజర్ కోర్న్‌బర్గ్ కండె స్వరూపాన్ని వివరించారు. నాలుగు రకాల హిస్టోన్లు రెండేసి చొప్పున, మొత్తం ఎనిమిది కలిసి ఒక ముద్ద అవుతాయి. దాని చుట్టూ డీఎన్‌ఏ చుట్టుకుంటుంది. ఇదే న్యూక్లియోసోమ్. ప్రతి ముద్దపై 147 జతల అక్షరాల నిడివి గల దారం రెండు చుట్లకు కొంచెం తక్కువగా తిరిగి ఉంటుంది. 1997లో ఈ నిర్మాణం పరమాణు స్థాయిలో స్పష్టమైంది. లైసీన్లు అధికంగా ఉన్న హిస్టోన్ తోకలు ముద్ద నుంచి బయటికి చొచ్చుకొని ఉండటం అందులో కనిపించింది. ఎసిటైల్ అతికించే ఎంజైములూ, తొలగించే ఎంజైములూ ఆ తోకలను సులువుగా అందుకోగలవు.

మళ్ళీ పక్షి నెత్తురు

చురుకుగా చదవబడుతున్న జన్యువు దగ్గర క్రోమాటిన్ నిజంగానే తెరుచుకుంటుందని చూపిన ప్రయోగం కూడా పక్షి రక్తంలోనే జరగడం విశేషం. 1976లో హెరాల్డ్ వెయిన్‌ట్రాబ్, మార్క్ గ్రౌడిన్ కోడి ఎర్ర రక్తకణాల కేంద్రకాలను డీఎన్‌ఏను కత్తిరించే ఎంజైముకు గురిచేశారు. హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ జన్యువు వేగంగా తెగిపోయింది. అదే కణంలో, గుడ్డు తెల్లసొనకు సంబంధించిన జన్యువు మాత్రం ఆ ఎంజైముకు అంత సులువుగా లొంగలేదు. గ్లోబిన్‌తో పనిలేని ఇతర కణజాలాల కేంద్రకాలలో గ్లోబిన్ జన్యువు కూడా బిగుసుకొనే ఉంది. జన్యువు ఒకటే, అది ఉన్న కణాన్ని బట్టి దాని చుట్టు వేరు.

ఆ తరువాతి పరిశోధనలు ఈ తెరుచుకోవడంలోని అంచెలను విప్పి చెప్పాయి. ముందుగా జన్యువు ఆరంభ స్థానం వద్దకు ప్రేరక ప్రోటీన్లు చేరి, ఎసిటైల్ అతికించే ఎంజైములను రప్పిస్తాయి. కణశక్తిని ఖర్చుచేసే మరికొన్ని యంత్రాల వంటి ప్రోటీన్లు న్యూక్లియోసోమ్‌లను పక్కకు జరుపుతాయి లేదా తొలగిస్తాయి. అలా ఖాళీ అయిన చోట ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ పని ప్రారంభిస్తుంది. అది ముందుకు సాగుతుంటే, సహాయక ప్రోటీన్లు ఎదురుగా ఉన్న కండెను పాక్షికంగా విప్పి దారి ఇస్తాయి. వెనుక మళ్ళీ కూర్చుతాయి. పాలిమరేజ్ దాటివెళ్ళిన దారిలో మిథైల్ అనే మరో గుర్తు పడుతుంది. ఈస్ట్ కణాలలో ఆ గుర్తును చూసి వచ్చే ఎంజైములు ఎసిటైల్‌ను తొలగించి, చుట్టును తిరిగి బిగిస్తాయి. లేకపోతే జన్యువు నడుమ నుంచి కూడా అర్థంలేని చదువు మొదలవుతుంది. తెరవడం ఎంత అవసరమో, వేళకు మూయడమూ అంతే అవసరం.

ఈ సమతుల్యం చెడితే కలిగే నష్టం తీవ్రం. పిల్లల మెదడు కాండంలో పుట్టే ఒక ప్రాణాంతక కణితిలో, హిస్టోన్ తోకలోని ఒకే ఒక లైసీన్ స్థానంలో మరో అమైనో ఆమ్లం వచ్చి చేరుతున్నదని 2012లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మరోవైపు, ఎసిటైల్ తొలగింపును అడ్డుకునే వోరినోస్టాట్ అనే ఔషధానికి చర్మంలో కనిపించే ఒక రకం లింఫోమా చికిత్స కోసం 2006లో అమెరికా అనుమతి లభించింది. ఒకనాడు కోసెల్ తూచి పట్టికలో రాసిన లైసీన్ నేడు వ్యాధికీ, చికిత్సకూ కేంద్రబిందువైంది.

కోసెల్ చివరి గ్రంథం ప్రోటమీన్లు, హిస్టోన్ల గురించే. ఆయన కన్నుమూసిన మరుసటి ఏడాది, 1928లో, అది ఆంగ్లంలో వెలువడింది. తాను జీవితమంతా శోధించిన రెండు ప్రోటీన్లను ఆయన అందులో పక్కపక్కన నిలిపారు. వీర్యకణం ఏర్పడే దశలో హిస్టోన్లలో అత్యధిక భాగం తొలగి, వాటి స్థానాన్ని ప్రోటమీన్లు ఆక్రమిస్తాయని, డీఎన్‌ఏ బిర్రుగా బిగుసుకొని జన్యువులు మౌనం వహిస్తాయని నేడు మనకు తెలుసు. ఫలదీకరణ జరిగాక అండంలోని హిస్టోన్లు తిరిగి ఆ చోటికి చేరతాయి. కొత్త జీవి తన జన్యువులను చదువుకోవడానికి దారి ఏర్పడుతుంది. కోసెల్ గ్రంథం పేరులోని రెండు మాటలు, ఆయనకు తెలియకుండానే, జన్యువు మౌనానికీ పలుకుకూ పేర్లయ్యాయి.